అద్దెకిచ్చే ముందు ఒక రాత్రి

శ్రోతలకు నమస్కారం.

మా బరంపురంలో ఏ వీధిలోకి వెళ్లినా ఏదో ఒక గేటుకి అట్టముక్క వేలాడుతూ కనిపిస్తుంది. పైన ఒడియాలో ఒక వరస, మధ్యలో 'టు లెట్', కింద తెలుగులో 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును'. అద్దెకి వచ్చేవాళ్లకి ఈ ఊళ్లో కొదవ లేదు. 1962లో పెట్టిన మెడికల్ కాలేజీ ఉంది, భంజ విహార్‌లో 1967 నాటి విశ్వవిద్యాలయం ఉంది, 2016లో ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ కూడా వచ్చింది. బ్యాంకు బదిలీల మీద వచ్చేవాళ్లు, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి పిల్లల చదువులకని వచ్చేవాళ్లు సరేసరి. అయినా కొన్ని గేట్లకి ఆ అట్ట ఎండకి వెలిసిపోయేదాకా అలాగే ఉంటుంది. నా గేటుకీ ఉండేది.

మా మావగారు 1991లో కొన్న ఫ్లాటు. రెండో అంతస్తు, రెండు పడకగదులు. ఆయన పోయాక కొన్నాళ్లు తాళం వేసి ఉంచాం. తరవాత అద్దెకిద్దామనుకున్నాం. నేను అప్పుడే ఉద్యోగం నుంచి రిటైరయ్యాను, చేతిలో డబ్బుంది, తీరికుంది. రెండూ కలిస్తే మనిషి ఊరుకోడు కదా! గోడలకి మీగడ రంగు కొట్టించాను. ముప్ఫై ఎనిమిది వేలు పెట్టి సోఫా కొన్నాను. అద్దాల టీపాయి, దాని మీద ప్లాస్టిక్ పూలు. ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపాను. అందరూ బాగుందన్నారు.

కొత్తగా పెళ్లయిన జంట దిగారు. నాలుగు నెలలకే ఖాళీ చేశారు. తాళాలు చేతిలో పెడుతూ ఆ అబ్బాయి, "ఇల్లు బాగుందండి అంకుల్, కానీ ఉండలేం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర గొణిగాను. ఆవిడ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే, "మీరెప్పుడైనా అక్కడ ఒక రాత్రి పడుకున్నారేటండీ?" అంది.

పడుకోలేదు. ఆ ఇంటికి పగటిపూట, చెప్పులు కూడా విప్పకుండా వెళ్లి చూసొచ్చినవాణ్నే. మర్నాడు రాత్రి భోజనం కానిచ్చి, చాప, దిండు, టార్చిలైటు, చెంబు పట్టుకుని బయల్దేరాను. జూలై నెల. సన్నగా వాన.

పదిగంటలకి పడుకున్నాను. లైటు ఆర్పాలంటే గుమ్మం దాకా నడవాలి, చీకట్లో తడుముకుంటూ వెనక్కి రావాలి. టీపాయి మోకాలికి తగిలింది. ఫోను చార్జింగ్ పెడదామంటే ప్లగ్గు బీరువా వెనకాల ఉంది. కళ్లజోడు ఎక్కడ పెట్టాలో తెలీక చెప్పు మీద పెట్టాను. దోమలు మొదలయ్యాయి. సంచిలో దోమతెర ఉంది. కట్టడానికి గోడకి ఒక్క మేకు లేదు. ఎందుకు లేదు? రంగు పాడవుతుందని నేనే అన్నీ పీకించేశాను.

పదకొండున్నరకి బాత్రూములోంచి ఒకటే కంపు. ఇది మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తాళం వేసి ఉంచిన ఇళ్లన్నిటిలోనూ ఉండే జబ్బు ఇదే. బాత్రూము నేలలో జల్లెడ మూత కింద నహానీ ట్రాప్ ఉంటుంది. దాని వంపులో ఎప్పుడూ కాసిన్ని నీళ్లు నిలబడి ఉండాలి. ఆ నీళ్లే మురుగు గొట్టానికి మూత. ఇల్లు వాడకపోతే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. ఇక గాలి, కంపు, బొద్దింకలు అన్నీ లోపలికే. దీనికి మందు వారానికి రెండు మగ్గుల నీళ్లు. నేను సెంటు బుడ్లు వేలాడదీశాను.

కుళాయి కారుతోంది. చెంబు పెట్టాను. తెల్లవారేసరికి నిండి పొర్లుతోంది. నాలుగున్నరకి కింద మోటారు వేశారు, గొట్టం గోడలో టకటకా కొట్టుకుంది. ఇక నిద్ర పట్టక లేచి, గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. వీపు చల్లగా తగిలింది. చెయ్యి పెట్టి చూస్తే అరచేతికి తెల్లటి పొడి అంటింది. గోడ ఉప్పు పూసింది. సరిగ్గా అక్కడే నేను సోఫా వేయించాను. మచ్చ కనపడకుండా సోఫా, సోఫా కనపడేలా ఫొటో.

ఆరింటికి గీజరు వేస్తే హాల్లో ట్యూబులైటు రెపరెపలాడింది. స్విచ్చు బోర్డు మీద వేలు పెడితే వెచ్చగా ఉంది, అంచున గోధుమరంగు మచ్చ. అప్పుడు అర్థమైంది ఆ అబ్బాయి ఎందుకు అలా అన్నాడో.

ఆ రాత్రే రాసుకున్న కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. దాని మీద సామాను పేరు ఒక్కటి లేదు. అన్నీ నీళ్లు, కరెంటు, చెమ్మ, మేకులు.

చెమ్మ సంగతి ముందు. చెమ్మ గోడ లోపలినుంచి వస్తోందా, గాలిలో తేమ గోడకి పడుతోందా అన్నది తేల్చుకోకుండా పనివాణ్ని పిలవకండి. చాలా చిన్న పరీక్ష ఉంది. జానెడు పాలిథిన్ కాగితం తీసుకుని, నాలుగు అంచులూ గాలి పోకుండా టేపుతో గోడకి అంటించండి. ఒక పగలూ ఒక రాత్రీ వదిలెయ్యండి. కాగితం లోపలివైపు, అంటే గోడవైపు, నీటిచుక్కలు పడితే తడి గోడలోంచి వస్తున్నట్టు. బయటివైపు పడితే గదిలో గాలి ఆడడం లేదన్నమాట. మాకు లోపలివైపే పడ్డాయి. మిస్త్రీ వంగి చూసి, "పాణి భితరు ఆసుచి, ఆజ్ఞా" అన్నాడు. నీళ్లు లోపలినుంచే వస్తున్నాయండీ, అని. ఆ గోడకి అవతలివైపు బాత్రూము. పలకల మధ్య అతుకుల్లోంచి కొంత, గోడలో తుప్పు పట్టిన పాత ఇనప గొట్టంలోంచి మరికొంత. గొట్టం కోసి చూపించాడు. అంగుళం గొట్టంలో నీరు పారే దారి చిటికెనవేలంత మిగిలింది. మిగతాదంతా తుప్పు. పైఅంతస్తులో కుళాయి సన్నగా వస్తోందని మనం మోటారుని తిట్టుకుంటాం.

గొట్టాలు సీపీవీసీవి, అంటే తుప్పు పట్టని ప్లాస్టిక్‌వి, వేయించాను, అతుకులు తిరిగి కట్టించాను, ఉప్పు పూసిన పూతంతా ఇటుక కనపడేదాకా చెక్కించాను. కొత్త పూత పూశాక రంగులవాడు మర్నాడే వస్తానన్నాడు. రావద్దన్నాను. తడి గోడ మీద రంగు వేస్తే లోపలి తడి బయటికి రాలేక బొబ్బలు లేస్తుంది. దసరా దాకా ఆగాను. రెండు నెలల అద్దె పోయింది, నిజమే. కానీ ఆ గోడ ఇవాళ్టికీ పొడిగా ఉంది.

కిటికీల గురించి మా ప్రాంతంవాళ్లకి వేరే చెప్పాలా? 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 200 కిలోమీటర్ల వేగంతో కొట్టింది. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినా వాన మనల్ని వదల్లేదు. ఆ గాలికి వాన పైనుంచి పడదు, అడ్డంగా వచ్చి కిటికీని కొడుతుంది. జరిపే అల్యూమినియం కిటికీల పట్టాలో బయటివైపు సన్నటి కన్నాలుంటాయి, చేరిన నీళ్లు పోవడానికి. దుమ్ముతోనో, రంగుతోనో అవి పూడుకుపోతే ఆ నీళ్లు గదిలోకి పొర్లుతాయి. మా ఫ్లాటులో ఆరు కన్నాలు పూడుకుపోయి ఉన్నాయి. గుండుసూదితో పొడిచి తీశాను. ఖర్చు సున్నా.

కరెంటు దగ్గర మాత్రం లెక్క చూసుకోకండి. 1991లో ఆ ఇంట్లో నాలుగు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక టీవీ. వైరింగు ఆ లెక్కకి వేసిందే. ఇప్పుడు 2000 వాట్ల గీజరు ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు, మెయిన్ బోర్డు నుంచి విడిగా లావు రాగి తీగ కావాలి. పాత అల్యూమినియం తీగ మీదే కొత్త ప్లగ్గు బిగించి పోయేవాళ్లు ఉన్నారు. బోర్డు వెచ్చబడేది అందుకే. ఎర్తింగు సరిచూపించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు పెట్టించండి. తడిచేత్తో ఎవరైనా పొరపాటున ముట్టుకున్నా, కరెంటు దారి తప్పిందని గమనించి క్షణంలో కట్టేస్తుంది. అద్దెకున్నవాళ్ల ఇంట్లో చిన్నపిల్లలుంటారు. ఇంకేం చెప్పను!

పనిలో పనిగా వంటింటి గ్యాసు గొట్టం చూడండి. దాని మీదే తేదీ అచ్చువేసి ఉంటుంది. అయిదేళ్లు దాటితే మార్చాల్సిందే. మా ఇంట్లోది ఎప్పటిదో చెప్పడానికి సిగ్గేస్తోంది.

ఇక సామాను. సోఫా మా అల్లుడికి ఇచ్చేశాను. పరుపులు తీసేశాను. ఎవరి పరుపు వాళ్లకే బాగుంటుంది, పరాయి పరుపు మీద పడుకోవడానికి ఎవరికైనా మనసొప్పదు. మిగిల్చినవి రెండు మంచాలు, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఇనప బీరువా. మంచం పక్కన ప్లగ్గు, అక్కడే లైటు స్విచ్చు, కళ్లజోడు పెట్టుకునేందుకు బెత్తెడు పలక. వంటింటి అరలు మొదట రంపపుపొట్టు బోర్డుతో చేయించినవి, సింకు కింద తడికి రొట్టెలా ఉబ్బాయి. ఈసారి తడిని తట్టుకునే ప్లై వేయించాను. కొనేటప్పుడు దాని మీద ఐఎస్ 710 అన్న ముద్ర చూసుకోండి. ఐఎస్ 303 ముద్ర ఉన్నది గదిలో బీరువాలకి సరే, సింకు కింద మామూలు రకం నిలవదు.

మా అత్తగారి పందిరిమంచం ఒకటుండేది. దాన్ని కూడా అక్కడే ఉంచుదామనుకున్నాను, ఇంటికి అందం కదా అని. మా ఆవిడ ఒప్పుకోలేదు. అద్దె ఇంట్లో ఉంచిన వస్తువు గీత పడితే మన ప్రాణం విలవిలలాడకూడదు, అలాంటిదైతేనే ఉంచాలి అంది. మంచం మా ఇంటికొచ్చింది. నడవడానికి చోటు లేదు, అది వేరే కథ.

మేకులు మాత్రం రంగు వెయ్యకముందే కొట్టించాను. దోమతెరకి గదికి నాలుగు, దండేనికి రెండు, కర్టెన్లకి కమ్మీలు. అద్దెకొచ్చినవాళ్లు ఎలాగూ కొడతారు. వాళ్లు కొడితే పూత రాలుతుంది. దేవుడికి వంటింటి పక్కన ఒక గూడు. తెలుగువాళ్లు వచ్చినా, జగన్నాథుణ్ని పెట్టుకునే ఒడియావాళ్లు వచ్చినా మొదట అడిగేది అదే. బాల్కనీలో తులసి కుండీకి ఎండ తగిలే చోటు.

కాగితాల మాట రెండు ముక్కల్లో చెప్తాను. అందరూ 11 నెలలకే ఒప్పందం రాసుకుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పదు, అందుకే ఆ పదకొండు. ఒప్పందంతోపాటు సామాను జాబితా, మీటరు రీడింగు ఫొటో, గోడల ఫొటోలు ఇద్దరి దగ్గరా ఉంటే ఖాళీ చేసేరోజు గొడవ ఉండదు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్లకి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదంది. అది రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది, కానీ మర్యాదగా ఉండే లెక్కే అనిపించి నేనూ అంతే తీసుకుంటున్నాను. ఆదాయపు పన్నులో, మునిసిపాలిటీ పన్ను పోను మిగిలిన అద్దెలో 30 శాతం తీసేసే లెక్క కడతారు. మీరు మరమ్మతు చేయించినా చేయించకపోయినా ఆ 30 శాతం ఇస్తారు. చేయించకుండా మిగుల్చుకునేవాళ్లని చూశాను.

అద్దె ఎంత చెప్పాలన్నది ఎవరికైనా గుంజాటనే. నా లెక్క చెప్తాను. తొమ్మిది వేలకి ఇవాళే దిగే మనిషి ఉన్నాడు. మీరు పదివేలే కావాలని పట్టుబట్టి ఒక నెల ఖాళీగా ఉంచారు. పోయిన తొమ్మిది వేలు ఎక్కువడిగిన ఆ వెయ్యి చొప్పున రావడానికి తొమ్మిది నెలలు పడుతుంది. రెండు నెలలు ఖాళీగా ఉంటే 11 నెలల ఒప్పందంలో అది ఇక రాదు.

దసరా వెళ్లాక ఇద్దరు నర్సులు దిగారు, ఇచ్ఛాపురం పిల్లలు. నైట్ డ్యూటీలు చేసి పగలు పడుకునేవాళ్లు. కర్టెన్లు మందంగా ఉన్నాయని సంతోషించారు. నాలుగేళ్లయింది, ఇప్పటిదాకా ఫోను చేసింది మూడుసార్లో నాలుగుసార్లో. దిగిన మొదటి వారంలో మాత్రం పెద్దమ్మాయి ఫోను చేసింది. "బాబాయ్ గారూ, ఒకటడుగుతాను, తప్పనుకోకండి. గోడకి ఒక్క మేకు కొట్టుకోవచ్చా?"

"అన్నీ కొట్టించాను కదమ్మా, ఇంకెక్కడ?"

"క్యాలెండరుకి లేదు బాబాయ్ గారూ."

డ్యూటీలు రాసుకోవడానికట. ఇల్లంతా తిరిగి మేకులు కొట్టించినవాణ్ని, వంటింటి గుమ్మం పక్కన క్యాలెండరుండాలన్న సంగతే మర్చిపోయాను. సుత్తి పట్టుకుని నేనే వెళ్లాను.