గాల్లో ఆగిన బకెట్: వావొరానీ అడవిలోకి దిగిన తాడు కథ

[తెరమీద: ఒక చెయ్యి, దారం, దారం చివర తాళంచెవి. చెయ్యి తిరుగుతుంటే తాళంచెవి బయటికి ఎగురుతూ తిరుగుతుంది]

దారానికి తాళంచెవి కట్టి తిప్పితే అది బయటికి విసురుకుపోతుంది. చిన్నప్పుడు అందరం ఆడిన ఆటే. ఇప్పుడు ఆ దారాన్ని వెయ్యి అడుగులు దాటించి, చేతికి బదులు ఓ చిన్న విమానానికి కట్టండి. విమానం గుండ్రంగా చక్కర్లు కొడుతోంది. కింద కొసన ఒక బకెట్ ఉంది. అది ఇంకెంత దూరం విసురుకుపోవాలి?

పోదు. ఆ వలయం మధ్యలోకి వచ్చి దాదాపు కదలకుండా వేలాడుతుంది.

[యానిమేషన్: పైన విమానం పెద్ద సున్నా చుడుతోంది, తాడు లోపలికి మెలి తిరుగుతూ దిగుతోంది]

ఇదంతా గాలి పని. అంత పొడవైన తాడుకి గాలి అడ్డుపడుతుంటే కిందికి పోయేకొద్దీ అది వెనకబడుతుంది, వెనకబడేకొద్దీ లోపలికి చుట్టుకుంటుంది. పైలట్‌కి చెయ్యి తిరిగి ఉంటే కింద నిలబడ్డ మనిషి ఆ బకెట్‌లోంచి సామాను తీసుకుని, తనదేదైనా అందులో పెట్టి పైకి పంపొచ్చు. విమానం దిగడానికి చోటు లేని అడవిలో ఇంతకంటే ఏం కావాలి!

దీన్ని దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ అడవుల్లో వాడినవాడు నేట్ సెయింట్ అనే అమెరికన్ మిషనరీ పైలట్. మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ మనిషి. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు నడిపిన కొందరు 1945లో పెట్టుకున్న సంస్థ అది. దాని మొదటి ప్రయాణం 1946లో మెక్సికోకి, నడిపింది బెట్టీ గ్రీన్ అనే మహిళ. రోజుల తరబడి నడిచే దారిని నిమిషాల్లోకి కుదించి మందులో, రోగినో, ఉత్తరాలో చేరవేయడం వీళ్ల రోజువారీ పని.

1955 అక్టోబరులో నేట్ ఆ తాడుని, ఆ అడవుల్లో బతికే వావొరానీ తెగవాళ్ల ఊళ్లమీద దించాడు. బయటివాళ్లు వాళ్లని 'ఔకా' అనేవాళ్లు. కిచువా భాషలో అడవిమనిషి అని తిట్టే మాట అది. ఇప్పుడు ఎవరూ వాడకూడని పేరు. అప్పటికి వాళ్లలో వాళ్లకే పగలు, ప్రతీకారాలు. తర్వాత పరిశోధకులు వంశవృక్షాలు రాసుకుంటూ పోతే, కొన్ని తరాలుగా పెద్దవాళ్ల చావుల్లో సగానికి పైగా హత్యలేనని తేలింది.

మొదట రంగు రిబ్బన్లు కట్టిన అల్యూమినియం కెటిల్ దిగింది. తర్వాత వారం వారం కత్తులు, బట్టలు. కొన్నాళ్లకు కింద నుంచి జవాబు వచ్చింది: ఈకల కిరీటం. ఇంకోసారి బుట్టలో బతికున్న చిలక, దారిలో తినడానికి దాని పక్కనే అరటిపండు ముక్క! నాకు ఈ కథలో ఎక్కువ గుర్తుండిపోయింది ఆ ముక్కే. చిలకకి ఆకలేస్తుందని ఆలోచించిన మనిషెవరో కింద ఉన్నారు.

[తెరమీద: కురారాయ్ నది, ఇసుక తిన్నె]

1956 జనవరి 3న విమానం కురారాయ్ నది ఇసుకమీద దిగింది. 6న ఒక వావొరానీ యువకుడు, ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఆ యువకుడు విమానం ఎక్కి తన ఊరిమీద తిరిగాడు కూడా. 8న, ఆదివారం, నేట్ సెయింట్, అతనితో వచ్చిన మిషనరీలు జిమ్ ఎలియట్, ఎడ్ మెకల్లీ, పీట్ ఫ్లెమింగ్, రోజర్ యూడేరియన్, ఐదుగురూ ఈటెలకు బలయ్యారు.

ఎందుకు? తర్వాత ఎన్నో ఏళ్లకు వావొరానీ పెద్దలు చెప్పినదాన్ని బట్టి, ఊళ్లో వాళ్లలో వాళ్లకి ఓ తగవు నడుస్తోంది. దాన్నుంచి తప్పించుకోవడానికి ఆ యువకుడే, తెల్లవాళ్లు మామీదికొచ్చారని అబద్ధం ఆడాడు. పైనున్నవాళ్లకి ఈ గొడవ ఎలా తెలుస్తుంది? వాళ్లకి వచ్చింది ఆ భాషలో నాలుగు ముక్కలు. తాడు కెటిల్‌ని దించగలదు గానీ ఊళ్లో సంగతులు పైకి చెప్పలేదు.

ఆ నాలుగు ముక్కలైనా నేర్పింది దయూమా. సొంత ఊళ్లోని హత్యలకు భయపడి చిన్నవయసులోనే పారిపోయి వచ్చిన వావొరానీ అమ్మాయి. నేట్ అక్క రేచెల్ సెయింట్ ఆమె దగ్గర కూర్చుని ఆ భాష నేర్చుకుంటోంది. 1958లో దయూమా ముందు నడిస్తే రేచెల్, జిమ్ భార్య ఎలిజబెత్ ఆమె వెంట అదే మనుషుల మధ్య ఉండటానికి వెళ్లారు. ఎలిజబెత్‌తో పాటు చిన్నకూతురు కూడా. చంపినవాళ్ల ఇళ్ల మధ్య! ఆ తర్వాత ఈటెల హత్యలు బాగా తగ్గాయి. ఇందులో వాదన పెద్దగా లేదు.

వాదన ఉన్నది తర్వాతి కథలో.

[తెరమీద: ఈక్వడార్ మ్యాపు, చమురు ప్రాంతాలు రంగు మారుతూ]

1967లో ఉత్తరాన చమురు పడింది. కంపెనీలు అడవిలోకి వస్తున్నాయి. దూరదూరంగా ఉన్న వావొరానీ గుంపుల్ని మిషన్ విమానాల్లో తెచ్చి తివేనో అనే చోట, దాని చుట్టుపక్కల చేర్చారు. మిషన్ ఉద్దేశం వాళ్లని కాపాడాలనే. కానీ ఖాళీ అయిన నేల కంపెనీలకి కలిసొచ్చింది. ఇటు ఎప్పుడూ అంతమంది ఒకచోట ఉండని మనుషులు ఇరుగ్గా చేరేసరికి 1969లో పోలియో వచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు, కొందరికి కాళ్లు చచ్చుబడ్డాయి. నయం చేసేందుకు నర్సులు రాత్రీపగలూ కష్టపడ్డారన్నది నిజం. అందర్నీ ఒకచోటికి తెచ్చింది మిషనేనన్నదీ నిజమే.

బియ్యం దగ్గర్నుంచి మందుల దాకా అన్నిటికీ మిషన్ వైపు చూడటం అలవాటైపోయిందని తర్వాత గమనించినవాళ్లు కూడా మిషన్‌వాళ్లే. రేచెల్ పనిచేసిన భాషా సంస్థ ఎస్‌ఐఎల్, 1970లలో ఒక మానవశాస్త్రవేత్తని పంపి పరిస్థితి చూపించుకుంది, చివరికి ఆమెనే పక్కకి తప్పుకోమంది. తమ సొంత మనిషి గురించి ఆ మాట అనడం తేలిక కాదు. ఆమె మాత్రం ఉద్యోగం వదిలినా ఆ మనుషుల్ని వదల్లేదు.

ఒక గుంపు అసలు తివేనోకి రానేలేదు. టగాయెరి అంటారు వాళ్లని. వాళ్లూ, టరోమెనానె అనే ఇంకో గుంపూ ఇప్పటికీ బయటివాళ్లని దగ్గరికి రానివ్వరు. ఈక్వడార్ 2008 రాజ్యాంగం వాళ్ల నేలలో చమురు, కలప తీయడాన్ని నిషేధించింది. వాళ్లమీద బకెట్ దించొచ్చా అని కామెంట్లలో అడిగేవాళ్లకి నా జవాబు: వద్దు. మన దగ్గు వాళ్లకి మహమ్మారి కావచ్చు.

[తెరమీద: మడతపెట్టి వీపున మోసుకెళ్లే దంతవైద్యం కుర్చీ]

1994లో రేచెల్ చనిపోయాక వావొరానీలు నేట్ కొడుకు స్టీవ్‌ని తమ దగ్గరికి వచ్చి ఉండమన్నారు. చిన్నప్పుడు ఆ చిలకని పెంచుకున్న పిల్లాడే. ఉత్త సామాను కాదు, పని నేర్పమన్నారు. పళ్లనొప్పికి బయటినుంచి డాక్టర్ వచ్చేదాకా ఎందుకు ఆగాలి? అలా మొదలైన శిక్షణలో, మడిచి మోసుకెళ్లగల ఆ కుర్చీలో రోగిని కూర్చోబెట్టి, చిన్న డ్రిల్ పట్టుకుని పన్ను బాగుచేస్తున్నది వావొరానీ మనిషే.