పార్కింగ్ లేని రెస్టారెంట్‌కి సంతకం పెట్టాలా?

నమస్కారం. మొన్నొక ఆదివారం పొద్దున్నే విజయవాడ మొగల్రాజపురంలో మా ఇంటి తలుపు తట్టి, "బాబాయ్‌గారూ, ఒక్క సంతకం పెట్టండి చాలు" అన్నాడొకాయన. మా సందు మొదట్లో పాత ఇల్లు తీసుకుని రెస్టారెంట్ పెడుతున్నాడట. పార్కింగ్‌లో కాస్త మినహాయింపు కావాలి, చుట్టుపక్కలవాళ్ళకి అభ్యంతరం లేదని రాసిన కాగితం అది. అప్పటికే ఎనిమిది సంతకాలున్నాయి. చదివి పెట్టినవాళ్ళు ఎందరో నాకు అనుమానమే.

ప్లాన్ చూపించమన్నాను. ఆయన మొహం కొంచెం మారింది గానీ, ఫోన్‌లో తీసి చూపించాడు.

మన రాష్ట్రంలో 2017 భవన నిబంధనల ప్రకారం పార్కింగ్‌ని మొత్తం కట్టడం విస్తీర్ణంలో ఇంత శాతం అని లెక్క కడతారు. అంటే నిబంధన చదరపు మీటర్లు చూస్తుంది గానీ, ఆదివారం రాత్రి బిర్యానీకి ఎంతమంది దిగుతారో చూడదు. ఆ లెక్క మనమే వేసుకోవాలి. ఆయన చెప్పింది వంద సీట్లు. నలుగురికో బల్ల చొప్పున ఇరవై అయిదు బల్లలు, అందులో సగం మంది కార్లలో వచ్చినా పన్నెండు కార్లు, మిగతావి బైకులు. ఆవరణలో పట్టేవి అయిదు. ఒక్కో కారుకి సుమారు 5 మీటర్ల పొడవు వేసుకుంటే, మిగిలిన ఏడు కార్లూ వరసగా 35 మీటర్లు ఆక్రమిస్తాయి, అంటే మా వీధిలో మూడిళ్ళ ముందు గేట్లు మూసుకుపోయినట్టే. మాది 30 అడుగుల రోడ్డు. రెండు పక్కలా కార్లు పెడితే మధ్యలో మిగిలేది సుమారు 5 మీటర్లే, ఆ కాస్తలోనే ఎదురెదురు ఆటోలు, స్కూలు బస్సు, ఖర్మ కాలితే అంబులెన్స్.

"వాలే పెడతాం కదండీ" అన్నాడు. వాలే అంటే తాళాలు తీసుకున్న కుర్రాడు బండి తీసుకెళ్ళి మన గేటు ముందే పెడతాడు, అంతే తేడా.

అమెరికాలో ఇలాంటి మినహాయింపుని వేరియన్స్ అంటారు. చాలా ఊళ్ళలో ఓ బోర్డు బహిరంగంగా వింటుంది, పక్కింటివాళ్ళు లేచి మాట్లాడొచ్చు. అక్కడ అడిగే ప్రశ్న నాకు నచ్చింది: ఈ ఇబ్బంది స్థలం వల్ల వచ్చిందా, నువ్వు తెచ్చుకున్నదా? వన్‌టౌన్‌లో కార్లు లేని రోజుల్లో కట్టిన ఇరుకు సందులో ఎనభై గజాల టిఫిన్ హోటల్‌ని పార్కింగ్ చూపించమంటే ఎక్కడినుంచి తెస్తాడు పాపం, దానికి సడలింపు ఇవ్వాల్సిందే, తినేవాళ్ళూ నడిచే వస్తారు. సింగ్‌నగర్ వైపు ఎవరైనా పార్కింగ్‌కి సెల్లార్ తవ్వలేను మహాప్రభో అంటే, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ఎలా ముంచిందో చూసినవాళ్ళెవరూ కాదనరు. కానీ ఈయన ప్లాన్‌లో ఇంటి ముందు పార్కింగ్ అని గీసిన చోటే ఇప్పుడు అద్దాల డైనింగ్ హాలు వస్తోంది. చోటు లేకపోవడం కాదిది, ఉన్న చోటుని బల్లలకి ఇచ్చేసి, కార్లని మా నెత్తిన పెట్టడం. సెల్లార్‌లో వంటగదులూ గోడౌన్లూ పెట్టిన భవనాలు బందర్ రోడ్డు మీద చూస్తూనే ఉన్నాం. తర్వాత ఎప్పుడో బీపీఎస్, అంటే ప్లాన్‌కి విరుద్ధంగా కట్టినవాటిని జరిమానాతో సరిచేసే పథకం, వస్తే డబ్బు కట్టి క్రమబద్ధం చేసుకోవచ్చని ధీమా. డబ్బు కట్టినంత మాత్రాన కారు పెట్టే చోటు పుట్టదుగా!

అలాగని నేను రెస్టారెంట్లకి వ్యతిరేకం కాదు, ఆ సందులో మంచి భోజనం దొరికితే మొదట వెళ్ళేది నేనే. అందుకే ఒక మాట చెప్పాను. సందు చివర బ్యాంకు ఆవరణ రాత్రిళ్ళూ ఆదివారాలూ ఖాళీగా ఉంటుంది, వాళ్ళతో అద్దెకి రాతపూర్వకంగా ఒప్పందం చేసుకో, ఆ అద్దె పోతే మినహాయింపూ పోతుందని అనుమతిలోనే రాయించు, అప్పుడు సంతకం పెడతాను అని. వింటున్నవాళ్ళలో ఎవరికైనా ప్లాన్ చూపించకపోతే కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగంలో అడగండి, లేదా సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి, మామూలుగా ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. కాగితం చేతిలో పెట్టి నిలబడినవాడి మొహమాటానికి మాత్రం పెట్టకండి, పెట్టాక కార్పొరేషన్‌కి వెళ్ళి మాకు ఇబ్బందిగా ఉందంటే ఆ సంతకాన్నే మీకు చూపిస్తారు.

ఆయన "చూద్దాం బాబాయ్‌గారూ" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పక్కింటి గేటు తీశాడు.