తప్పు రోటరీది కాదు, మధ్యలో ఆపేసిన చేతిది!

ముందు ఈ బానెట్ చూడండి. తమ్ముడూ, లైట్ కొంచెం పక్కకి... ఇంకొంచెం... ఆఁ, అక్కడ ఆగు. ఈ సన్న గీతలు కనిపిస్తున్నాయా? లైట్ కదిలితే అవీ కదులుతున్నాయి, విసనకర్ర విప్పినట్టు. వీటినే హోలోగ్రామ్స్ అంటారు. నల్ల కారు. నిన్ననే ఎక్కడో పాలిష్ చేయించారు. నీడలో అద్దంలా ఉందట, ఎండలోకి తీసేసరికి ఇదీ పరిస్థితి. ఓనర్ కారు దిగుతూనే అడిగిన మొదటి మాట, "రోటరీ వాడారండీ, అందుకే కదా ఇలా అయింది?"

కాదండీ బాబూ! రోటరీ అంటే మెత్తటి ప్యాడ్‌ని గిర్రున తిప్పే పాలిషింగ్ మెషీన్. అది వాడి అక్కడితో చేతులు దులిపేసుకున్నారు, అందుకు ఇలా అయింది.

పోయిన వీడియోలో నా చేతిలో రోటరీ కనిపించిందని ఎంత గోల చేశారో గుర్తుందా? "ఇంకా ఆ పాత రాక్షసి ఎందుకన్నా, ఒక్క డ్యుయల్ యాక్షన్ మెషీన్, అదే డీఏ, ఉంటే చాలదా?" అని సగం మంది. "డీఏ అంటే పిల్లల బొమ్మ, పనోడు రోటరీయే పడతాడు" అని మిగతా సగం. రెండు పార్టీలకీ ఒకటే మాట చెప్తున్నా, రాసి పెట్టుకోండి. పాడైన పెయింట్‌ని మొదటి నుంచి చివరి దాకా ఒక్క మెషీన్‌తో తెస్తానన్నవాడు మీ కారు మీద ప్రయోగం చేస్తున్నాడు. ఒక్క చిత్రిక పట్టుకుని వచ్చి తలుపు చేసిస్తానన్న వడ్రంగిని మీరు ఇంట్లోకి రానిస్తారా?

సరే, కొత్తవాళ్ల కోసం రెండు ముక్కల్లో. రోటరీ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది, మీరు నొక్కినా ఆగదు. అందుకే బాగా కోస్తుంది. ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది కాబట్టి అది పెట్టిన సన్న గీతలన్నీ ఒకే వరసలో పడతాయి. ఆ వరసే ఎండలో విసనకర్ర. డీఏ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగడాన్నే త్రో అంటాం. ఇటలీ వాళ్ల రూపెస్ బిగ్‌ఫుట్‌లో 15 మిల్లీమీటర్లది ఉంది, 21ది ఉంది. ప్యాడ్ ఎటు పోతుందో దానికే తెలియదు, కాబట్టి గీతలు వరస కట్టవు.

మరి డీఏకి రోగం లేదా? ఉంది. ఇటు రండి, ఈ డోర్ కింద వంపు దగ్గరికి. ప్యాడ్ బిగించే ప్లేట్ మీద మార్కర్‌తో ఒక గీత గీశాను. బల్లపరుపుగా ఉన్న చోట పెడితే... గీత గిర్రున తిరుగుతోంది. ఇప్పుడు వంపు మీదికి జరుపుతున్నా, కాస్త నొక్కుతున్నా... చూడండి, గీత ఆగిపోయింది! మోత మాత్రం అలాగే వస్తోంది. మెషీన్ వణుకుతోంది గానీ ప్యాడ్ తిరగడం లేదు. చాలామంది ఇలాగే పది నిమిషాలు నిలబడి, "పెయింట్ మీది గీత పోవట్లేదన్నా, రుద్దే కాంపౌండ్ పేస్ట్ బాలేదు" అంటారు. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే.

ఈ రోగానికే గేర్లతో బలవంతంగా తిప్పే రకం వచ్చింది, జర్మనీ ఫ్లెక్స్ వాళ్ల 3401 లాంటిది. త్రో 8 మిల్లీమీటర్లు, నొక్కినా తిరుగుతూనే ఉంటుంది. మంచి మెషీన్, నాకూ ఇష్టమే. అయినా అన్నింటికీ అదే అని దానికీ పూజలు చేయకండి.

ఇప్పుడు అసలు గొడవ. "రోటరీ క్లియర్‌కోట్‌ని తినేస్తుంది, డీఏ కాపాడుతుంది." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. క్లియర్‌కోట్ అంటే రంగు మీద ఉండే పారదర్శకమైన పూత. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు, మన తలవెంట్రుక కంటే పల్చన. అందులో గీత 3 మైక్రాన్ల లోతు ఉందనుకోండి. అది పోవాలంటే చుట్టూ 3 మైక్రాన్లు తీయాల్సిందే. రోటరీ పెట్టండి, డీఏ పెట్టండి, కూర్చుని చేత్తో రుద్దండి, లెక్క మారదు. ప్యాడ్‌ని ఆ చోటంతా ఒకసారి నడిపితే ఒక పాస్. రోటరీతో రెండు పాస్‌లు, డీఏతో ఏడో ఎనిమిదో, అంతే తేడా. నన్నడిగితే, ఎన్ని పాస్‌లు వేశామో లెక్క మర్చిపోయే డీఏ వాళ్లే ఎక్కువ క్లియర్‌కోట్ ఊడ్చేస్తున్నారు. "గేజ్ పెట్టి చూసుకుంటాం" అంటారా? మామూలు గేజ్ రేకు మీదున్న మొత్తం పెయింట్ మందం చెప్తుంది, అందులో క్లియర్‌కోట్ ఎంతో చెప్పదు. పైగా దాని రీడింగే ఒకటి రెండు మైక్రాన్లు అటూ ఇటూ ఆడుతుంది.

మరి డీఏ ఒక్కటే చాలన్న మాట ఎందుకింత పాకింది? నా థియరీ చెప్తా, కోపం తెచ్చుకోకండి. అది అమ్మడానికి తేలిక. ఒక మెషీన్, ఒక ప్యాడ్, ఒక సీసా, ఎవడు పట్టుకున్నా పెద్ద ప్రమాదం లేదు. ఆ సీసాలో నూనెలు, ఫిల్లర్లు ఉంటే గీతలు పూడుకుని ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది. నాలుగు వాషులయ్యాక గీతలన్నీ తిరిగొస్తాయి. పైన పటారం లోన లొటారం. అందుకే కారు తీసుకునే ముందు, నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక చోట తుడిచి చూపించమనండి. ముఖాలు ఎలా మారతాయో చూడండి.

రోటరీని వెనకేసుకొస్తున్నానని దాన్ని ఎక్కడ పడితే అక్కడ పెట్టకండి. నేర్చుకునే రోజుల్లో ఒక బంపర్ కాల్చాను. రేకు అయితే వేడిని చుట్టూ పంచేస్తుంది, ప్లాస్టిక్ పంచదు, ఉన్నచోటే ఉంచుకుంటుంది. ముందు ఒక వాసన వచ్చింది. ప్యాడ్ తిప్పి చూస్తే తెల్ల ఊల్ మీద ఎర్ర రంగు. క్లియర్‌కోట్ లేని పాత పెయింట్ అయితే ప్యాడ్‌కి రంగు అంటడం మామూలే. ఇది అలాంటిది కాదు, క్లియర్‌కోట్ దాటేసి రంగులోకి దిగిపోయాను. ఆ బంపర్‌కి నా జేబులోంచే మళ్లీ పెయింట్ వేయించాను. అప్పటి నుంచి అంచులకి మాస్కింగ్ టేప్ వేయకుండా రోటరీ స్విచ్ ముట్టుకోను. బంపర్ మీద డీఏ మాత్రమే.

కొత్త కారు, సన్న సన్న వాష్ గీతలు, అంతేనా? డీఏ ఒక్కటే తీసుకోండి, గొడవ లేదు. గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు? నేను మాట్లాడేది వెలిసిపోయిన బానెట్లు, శాండ్‌పేపర్ గీతలున్న డోర్ల గురించి. అక్కడ ఊల్ ప్యాడ్‌తో రోటరీ, 1200 నుంచి 1500 ఆర్‌పీఎం, ఒకచోట నిలపకుండా. ఆ వెంటనే మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో డీఏ, సన్న పాలిష్, చెయ్యి నెమ్మదిగా. హ్యాండిల్ వెనక, పిల్లర్ల మీద మూడంగుళాల చిన్న మెషీన్.

మళ్లీ మన నల్ల బానెట్ దగ్గరికి వద్దాం. మధ్యలో టేప్ వేశాను. ఎడమ సగం ముట్టుకోలేదు. కుడి సగం మీద రోటరీ పెట్టలేదు, పెట్టాల్సిన పని లేదు. ఎందుకంటే ముందు చేసినాయన లోతు గీతలన్నీ చక్కగా తీశాడు, నిజం చెప్పాలిగా. నేను డీఏతో నాలుగు పాస్‌లు వేసి, ఆల్కహాల్‌తో తుడిచాను, అంతే. ఇప్పుడు టేప్ లాగుతున్నా. తమ్ముడూ, లైట్.

ఎడమ... విసనకర్ర అలాగే ఉంది. కుడి... ఏది? ఎక్కడుంది? లైట్ ఎటు తిప్పినా ఒక్క చుక్కలా కనిపిస్తోంది, దాని చుట్టూ నల్లటి నలుపు. ఆ నాలుగు పాస్‌లకి బద్ధకించి, నింద రోటరీ మీద వేశారు!

మిగతా సగం ఇప్పుడే చేసేస్తా. ఓనర్ సాయంత్రం వస్తానన్నారు. వద్దండీ, ఎండ ఉండగానే రండి అని చెప్పాను.