ఎలా తెలిసిందో కూడా చెబుదాం

పిల్లలకు ఆకాశం గురించి చెప్పే మీ అందరికీ నమస్కారం.

ఖగోళ భౌతికశాస్త్రం మీద ప్రసంగం అనగానే పెద్ద పెద్ద అంకెలు వినడానికి సిద్ధపడి కూర్చుంటాం. పాలపుంత వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరాలు, ఆండ్రోమెడా గెలాక్సీ దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలు, సూర్యుడి నడిగర్భంలో వేడి కోటీ యాభై లక్షల డిగ్రీలు. అందరూ "అమ్మో!" అంటారు, చప్పట్లు కొడతారు, ఇళ్లకు వెళ్లిపోతారు. మర్నాటికి ఒక్క అంకే గుర్తుండదు. ఉండకపోయినా నష్టం లేదు. నా బాధ వేరు. అంకె చెప్పి ఊరుకుంటే అది ఎవరో ఎప్పుడో తేల్చేసిన విషయం అయిపోతుంది. వింటున్న పదిహేనేళ్ల పిల్లకు అందులో చేయడానికి ఏమీ మిగలదు.

1919లో కేంబ్రిడ్జిలో ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆర్థర్ ఎడింగ్టన్ ఒక ఉపన్యాసం ఇచ్చారు. ఆ ఏడాది మే 29న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణం వేళ, సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రకాంతి ఎంత వంగుతుందో కొలవడానికి ఆయన ఆఫ్రికా తీరాన ప్రిన్సిపే దీవికి వెళ్లారు. న్యూటన్ సూత్రాలతో లెక్కగడితే వచ్చే వంపుకు ఐన్‌స్టైన్ లెక్క రెట్టింపు. రెండింట్లో ఏది నిజమో ఫొటో పలకల మీద కొలిచి చూడాలి. ఆ కథంతా వింటున్నవాళ్లలో వృక్షశాస్త్రం చదివే విద్యార్థిని ఒకరున్నారు, సిసీలియా పేన్. స్నేహితురాలు రాలేకపోతే ఆ టికెట్టు ఈమెకు దక్కింది. గదికి తిరిగొచ్చి విన్నదంతా దాదాపు పొల్లుపోకుండా రాసుకున్నారు. ఆ తర్వాత భౌతికశాస్త్రం వైపు మళ్లారు.

1925లో పేన్ సమర్పించిన పరిశోధన గ్రంథం, నక్షత్రాల్లో ఉన్నది అత్యధికంగా హైడ్రోజన్, హీలియం అని చూపింది. సూర్యుడు, భూమి ఇంచుమించు ఒకే సరుకుతో తయారయ్యాయని పండితులు నమ్ముతున్న రోజులవి. అమెరికాలో పేరుమోసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు హెన్రీ నోరిస్ రసెల్ అంతటివాడు ఒప్పుకోలేదు. ఆయన మాట మీద, ఈ ఫలితం నిజం కాకపోవచ్చని ఆమె తన గ్రంథంలోనే రాయాల్సి వచ్చింది. 1929లో రసెల్ మరో దారిలో లెక్కవేసి అక్కడికే చేరారు, ఆమె పనినీ ప్రస్తావించారు. పిల్లలకు నక్షత్రాల కూర్పు చెప్పేటప్పుడు ఈ తగాదా కూడా చెప్పాలంటాను. ఇరవై అయిదేళ్ల మనిషి వర్ణపటంలోని, అంటే రంగులుగా విడదీసిన నక్షత్రకాంతిలోని, గీతలు చదివి పెద్దల నమ్మకాన్ని కదిలించడం చిన్న సంగతా?

"అప్పుడంటే సరే, ఇప్పుడు కొత్తవాళ్లకు చోటెక్కడ?" అనొచ్చు. 2007లో గెలాక్సీ జూ మొదలైంది. ఆకాశాన్ని వరసగా ఫొటోలు తీసే స్లోన్ సర్వే టెలిస్కోపు తీసిన సుమారు 9 లక్షల గెలాక్సీల చిత్రాలను ఇంటర్నెట్‌లో పెట్టి, ఇది సర్పిలమా, దీర్ఘవృత్తమా చెప్పమని జనాన్ని అడిగారు. మొదటి ఏడాదిలోనే లక్షన్నర మందికి పైగా చేరి 5 కోట్లకు మించి జవాబులిచ్చారు. ఒక్కో బొమ్మనూ ఎందరో చూస్తారు కాబట్టి ఒకరి పొరపాటు మొత్తాన్ని పాడుచేయదు. అలా చూస్తున్న డచ్ ఉపాధ్యాయురాలు హానీ వాన్ ఆర్కెల్‌కు ఒక గెలాక్సీ పక్కన వింత మరక కనిపించింది. ఇదేమిటని అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. పక్క గెలాక్సీ నడుమ ఒకప్పుడు ప్రచండంగా వెలిగి తర్వాత మందగించిన క్వేజార్ (కృష్ణబిలంలోకి పడే పదార్థం వేడెక్కి వెలిగే గెలాక్సీ కేంద్రం) కాంతి వల్ల వెలుగుతున్న వాయుమేఘం అదని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

బొమ్మల గురించి ఒక మాట. కృష్ణబిలం అంటూ మనం తెర మీద చూపేవి చాలావరకు చిత్రకారులు ఊహించి గీసినవి. ఆ మాట చెప్పేయాలి. 2019 ఏప్రిల్ 10న విడుదలైన మొదటి అసలు చిత్రంలోనూ ఆ నారింజ రంగు మనుషులు ఎంచుకున్నదే. అది రేడియో తరంగాలతో తీసిన చిత్రం, వాటికి రంగుండదు. టెలిస్కోపు దగ్గరా ఇదే తంతు. రంగురంగుల ఆండ్రోమెడా కోసం వరసలో నిలబడ్డ పిల్లాడికి బూడిదరంగు మసక కనిపిస్తుంది, మొహం వాడిపోతుంది. కెమెరా గంటల తరబడి కాంతిని పోగు చేసుకుంటుందనీ, కంటికి ఆ వీలు లేదనీ అప్పుడు చెబితే వాడు మళ్లీ వంగి చూస్తాడు.

ఇక పని. డిసెంబరు నుంచి మార్చి దాకా సాయంత్రాలు ఆర్ద్ర నక్షత్రం, అదే బీటిల్‌జూస్, మామూలు కంటికి కనిపిస్తుంది. 2019 చివర మసకబారడం మొదలై, 2020 ఫిబ్రవరికల్లా మామూలు వెలుగులో సగం కూడా మిగల్లేదు. అది వెళ్లగక్కిన వాయువు చల్లబడి ధూళిగా మారి అడ్డుపడిందని చాలామంది శాస్త్రజ్ఞుల నిర్ణయం. ఆర్ద్ర వెలుగును దగ్గర్లోని రోహిణి, ప్రొసియాన్ నక్షత్రాలతో పోల్చి అంచనా కట్టమని పిల్లలకు చెప్పండి. పరికరాలేవీ అక్కర్లేదు. ఇలాంటి అంచనాలను వెలుగు మారే నక్షత్రాలను గమనించేవాళ్ల కోసం 1911లో అమెరికాలో పుట్టిన ఆవ్సో (AAVSO) సంస్థ ప్రపంచంలో ఎవరు పంపినా తీసుకుంటుంది. మొదటి రాత్రి పిల్లల అంచనాలు ఒకరివి ఒకరితో కలవవు. సరిదిద్దకండి, అన్నీ రాయించండి. పల్చటి మబ్బా, దగ్గర్లో దీపమా, నక్షత్రం మరీ కిందికి దిగిందా, ఎందుకు కలవలేదో వాళ్లనే వాదించుకోనివ్వండి.