పోలరైజింగ్ షీటు రివ్యూ: పారాసిటమాల్ పొడిలో ఇన్ని రంగులా?

నమస్కారం. నా చేతిలో ఉన్నది నల్లకళ్లద్దం ముక్కలా కనిపించే పోలరైజింగ్ షీటు. ఒకే దిశలో కంపించే కాంతినే ఇది వదులుతుంది. రెండు షీట్లను ఒకదానిపై ఒకటి పెట్టి తిప్పితే, ఇదిగో, చీకటి. జతగా అమ్ముతారు కానీ ఒకటి చాలు. రెండోది మీ ల్యాప్‌టాప్ తెరలోనే ఉంది.

తెరను పూర్తిగా వెనక్కి వాల్చి, తెల్ల పేజీ తెరిచాను. గాజు పలకను రెండు అంగుళాల ఎత్తున ఉంచాను. తెరకు ఆనిస్తే పిక్సెళ్ల గళ్లు అడ్డం వస్తాయి. పలక మీద పారాసిటమాల్ పొడి ఉంది, చూడటానికి అచ్చం ముగ్గుపిండి. పైన షీటు, ఆపైన ఫోనుకు మాక్రో లెన్సు.

షీటు తిప్పుతున్నాను. తెర నల్లబడింది, రేణువులు మాత్రం పసుపుగా, నీలంగా, గులాబీగా వెలుగుతున్నాయి చూశారా! స్ఫటికం కాంతిని రెండుగా చీలుస్తుంది. ఆ రెండింటి వేగాలు వేరు. షీటు దగ్గర మళ్లీ కలిసేటప్పుడు కొన్ని రంగులు రద్దవుతాయి. ఏ రంగు మిగిలేదీ రేణువు మందాన్ని బట్టి ఉంటుంది. ఇప్పుడు పలకను తిప్పుతాను. ఒక్కో రేణువు ఒక పూర్తి చుట్టు తిరిగేలోగా నాలుగుసార్లు ఆరి వెలుగుతుంది. స్ఫటికం కాని గాజులాంటి పొడి అయితే ఎంత తిప్పినా చీకటే. మందుల పరిశోధనశాలల్లో పొడి స్ఫటికమా కాదా అని చూసేది ఇలాగే. అది చిన్న విషయం కాదు. ఎయిడ్స్ మందు రిటోనవిర్ 1998లో అనుకోకుండా మరో స్ఫటిక రూపంలోకి మారింది. ఆ రూపం సరిగా కరగకపోవడంతో క్యాప్సూళ్లను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

అసలు ఈ షీటు పుట్టిందే మందు స్ఫటికం నుంచి. 1852లో బ్రిస్టల్ వైద్యుడు విలియం హెరపాత్ ఒక వింత సంగతి రాశారు. మలేరియా మందు క్వినైన్ పట్టించిన కుక్క మూత్రంలో ఆయన శిష్యుడు అయోడిన్ కలిపితే ఆకుపచ్చ స్ఫటికాలు వచ్చాయట. ఒకదానిపై ఒకటి పడిన చోట కొన్ని నల్లగా కనిపించాయి. 1920లలో అమెరికాలో ఎడ్విన్ ల్యాండ్ ఆ సూక్ష్మ స్ఫటికాలను ఒకే వరుసలో పేర్చి ప్లాస్టిక్‌లో బిగించారు. తర్వాత వచ్చిన షీట్లలో క్వినైన్ పోయింది, అయోడిన్ మిగిలింది.

లోపమా? రెండు వైపులా అంటించిన రక్షణ పొర. అది ఉందని తెలియక అరగంట పిచ్చి రంగులు చూస్తూ కూర్చున్నాను. ఆ పొర కూడా కాంతిని చీలుస్తుంది మరి! కొనగానే అంచు గీరి చూడండి. ఒక్క షీటు దొరికితే ఒక్కటే కొనండి.

విటమిన్ సి చుక్క ఒకటి ఆరబెట్టాను, అదీ చూపిద్దామని. ఇంకా తడిగానే ఉంది.