మూరెడు తాడు

అందరికీ నమస్కారం.

స్కైడైవింగ్ మీద ప్రసంగం అనగానే ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ కథ చెప్తాననుకుని వచ్చి ఉంటారు. 2012లో దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకి ధ్వని వేగాన్ని దాటిన మనిషి. ఆ వీడియో మీరంతా చూసే ఉంటారు, దానికి నేను కొత్తగా కలిపేదేమీ లేదు. నేను చెప్పబోయేది అంతకు 98 ఏళ్ల ముందు, అమెరికాలోని శాన్ డియాగో దగ్గర ఒక విమానం నుంచి దూకిన అమ్మాయి గురించి. ఆమె చేతికి అందేలా మూరెడు తాడు ముక్క ఉంది. ఇవాళ్టి నా మాటలన్నీ ఆ ముక్క చుట్టూనే తిరుగుతాయి.

ఆమె పేరు జార్జియా ఆన్ థాంప్సన్. 1893లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రాన్‌విల్ కౌంటీలో పుట్టింది. పుట్టినప్పుడు కిలోన్నర బరువు కూడా లేదట. అందుకే అందరూ టైనీ అన్నారు, అంటే బుజ్జిది. పెద్దయ్యాక కూడా ఆ పేరు అలాగే సరిపోయింది: నాలుగడుగుల మీద కాస్త ఎత్తు, నలభై కిలోల లోపు బరువు. 12 ఏళ్లకు పెళ్లి, 13 ఏళ్లకు ఒళ్లో బిడ్డ. బతకడానికి నూలు మిల్లులో పని.

1907లో రాలీ నగరంలో స్టేట్ ఫెయిర్‌కి వెళ్లింది. తిరునాళ్లలా జనం, ఆటలు, వింతలు. అక్కడ చార్లెస్ బ్రాడ్‌విక్ అనే ఆయన బెలూన్ ప్రదర్శన ఇస్తున్నాడు. ఆ బెలూన్ ఎలా ఎగిరేదో కొంచెం చెప్పాలి. గొయ్యి తవ్వి మంట పెట్టి, వేడి పొగను బట్ట సంచిలోకి పట్టిస్తారు. అది ఉబ్బి నిలబడ్డాక పట్టుకున్నవాళ్లంతా ఒక్కసారి వదిలేస్తారు. పైకి వెళ్లాక మంట ఉండదు, తిప్పడానికి చుక్కానీ ఉండదు. బెలూన్ కింద వేలాడే పారాచూట్, దాని కింద ఉయ్యాల లాంటి కర్ర, ఆ కర్ర మీద మనిషి. తగినంత ఎత్తుకు చేరాక మనిషి తనను తాను విడిపించుకుని పడాలి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడం అంటే ఇదే మరి.

టైనీ ఆ ప్రదర్శన చూసి, నన్నూ చేర్చుకోమని బ్రాడ్‌విక్‌ను అడిగింది. కూతుర్ని తన తల్లి దగ్గర వదిలి ఆ బృందంతో వెళ్లిపోయింది. బిడ్డను వదిలి వెళ్లడమేంటి అనిపించవచ్చు. మిల్లులో ఉన్నా పొద్దస్తమానం యంత్రాల దగ్గరే కదా ఉండేది! నాకైతే తప్పు పట్టాలనిపించదు. బ్రాడ్‌విక్ ఆమెను దత్తత తీసుకున్నాడు, టైనీ బ్రాడ్‌విక్ అయింది. 1908లో తొలి జంప్.

ప్రేక్షకులకు ఆమెను ‘బొమ్మ పిల్ల’ అని పరిచయం చేసేవాళ్లు. కుచ్చుల బట్టలు, చేతులకు గులాబీ రంగు రిబ్బన్లు, తలకు బొన్నెట్, అంటే గడ్డం కింద ముడివేసే పిల్లల టోపీ. ఆ వేషం అంటే ఆమెకు ఒళ్లుమంట. టికెట్లు అమ్ముడవ్వాలంటే బొమ్మ కావాలి, పైనుంచి పడేటప్పుడు మాత్రం మనిషి కావాలి. ఓసారి స్టేషన్ నుంచి కదులుతున్న రైలు మీద దిగింది, ఓసారి గాలిమరలో చిక్కుకుంది, ఇంకోసారి హైటెన్షన్ తీగల్లో. ఎముకలు విరిగాయి, భుజాలు జారాయి. కట్లు విప్పాక మళ్లీ బొన్నెట్, మళ్లీ బెలూన్.

విమానాలు వచ్చాక ఆట మారింది. 1912లో ఆల్బర్ట్ బెర్రీ అనే ఆయన సెయింట్ లూయిస్‌లో విమానం నుంచి దూకాడు. 1913 జూన్ 21న లాస్ ఏంజెలెస్ మీద టైనీ దూకింది. విమానం నుంచి పారాచూట్‌తో దూకిన మొదటి మహిళ ఆమే. ఆ విమానం నడిపినవాడు గ్లెన్ మార్టిన్. టైనీ పైలట్ పక్కన కూర్చోలేదు సుమా, రెక్క వెనక, బయట వేలాడే పీట మీద కూర్చుంది. పారాచూట్ తల మీద ఒక అరలో ఉంది. పక్కనున్న మీట లాగితే కూర్చున్న పీట కిందికి పడిపోతుంది, మనిషీ పడిపోతుంది. ఆ మీట తన చేత్తో తనే లాగుకుని గ్రిఫిత్ పార్క్‌లో దిగింది.

ఇక 1914. బ్రాడ్‌విక్ అప్పటికే వీపున తొడుక్కునే పారాచూట్ తయారు చేశాడు. దాన్ని అమెరికా సైన్యానికి చూపించడానికి శాన్ డియాగో దగ్గరి నార్త్ ఐలాండ్‌లో టైనీ దూకాలి. ఆ రోజుల్లో పారాచూట్‌ను తెరిచేది మనిషి కాదు, విమానం. సంచికి కట్టిన తాడు రెండో కొస విమానానికి ఉంటుంది. మనిషి పడగానే తాడు బిగుసుకుని సంచిని లాగి తెరుస్తుంది. స్టాటిక్ లైన్ అంటాం, ఇప్పటికీ వాడతారు. మొదటి మూడు జంప్‌లు బాగానే జరిగాయి. నాలుగోసారి ఆ తాడు విమానం తోకలో చిక్కుకుంది. కాపాడాల్సిన తాడే ఉరితాడు అయ్యేది.

దీని తర్వాత ఎవరైనా చేసేది తాడు కట్టే చోటు మార్చడమో, జంప్‌లు ఆపేయడమో. ఆమె తాడునే కోసేసింది. చేతికి అందేంత ముక్క మాత్రం ఉంచుకుంది. విమానంతో ఏ బంధం లేకుండా పడుతూ, తనకు సరే అనిపించిన చోట ఆ ముక్క లాగింది. పారాచూట్ తెరుచుకుంది.

ఇందులో గొప్పేముంది అంటారేమో. మనిషి స్వేచ్ఛగా పడితే ఊపిరి ఆగిపోతుందని, స్పృహ తప్పుతుందని, చెయ్యి కదపలేడని చాలామంది గట్టిగా నమ్మిన కాలం అది. పడుతున్న మనిషి ఆలోచించగలడు, తన చేత్తో తను పని చేసుకోగలడు అని చేసి చూపించింది. ఈ ఒక్క సంగతి మీదే స్కైడైవింగ్ మొత్తం నిలబడి ఉంది. తాడు కోయడాన్ని ఆమె జీవితానికి ప్రతీకగా చెప్పమని నన్ను ఒకరిద్దరు అడిగారు. నేను చెప్పను. చిక్కుకున్న తాడు గనుక కోసింది, అంతే. నాకు ఆ అంతే అన్నదే ఎక్కువ ఇష్టం.

సైన్యం చూసింది, పొగిడింది, ఊరుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికన్ పైలట్లు పారాచూట్లు లేకుండానే ఎగిరారు. 1919 ఏప్రిల్ 28న ఒహాయోలోని మెకుక్ ఫీల్డ్ అనే సైనిక విమాన కేంద్రంలో లెస్లీ ఇర్విన్ అనే ఆయన దూకి, గాల్లో తన చేత్తోనే రిప్‌కార్డ్, అంటే పారాచూట్ తెరిచే తాడు, లాగాడు. దిగేటప్పుడు చీలమండ విరిగింది గానీ పేరు నిలిచింది. ఇప్పటికీ కొన్నిచోట్ల మొదటివాడని ఆయన్నే రాస్తారు. ఇర్విన్ పని చిన్నదేం కాదు, ఆయన పారాచూట్ వేలమందిని బతికించింది. కాకపోతే ముందు దూకింది ఎవరో కూడా రాయాలి కదా.

1922 అక్టోబర్ 20న అదే మెకుక్ ఫీల్డ్ పైలట్ హెరాల్డ్ హ్యారిస్ విమానం గాల్లోనే విరిగింది. బయటికి దూకాడు. కంగారులో రిప్‌కార్డ్ అనుకుని కాలి పట్టీ బకిల్‌ను లాగాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. నాలుగోసారి అసలు పిడి చేతికి దొరికింది. నేల ఇంకా 150 మీటర్లే ఉందనగా పారాచూట్ తెరుచుకుంది. ఒకరి పెరట్లో ద్రాక్ష పందిరి మీద దిగాడు.

టైనీ దూకడం మానేసింది ఆ 1922లోనే. చీలమండలు ఇక మాట వినలేదు. వయసు 29, జంప్‌లు వెయ్యి దాటాయి. 1978లో, 85 ఏళ్లకు పోయింది. బ్రాడ్‌విక్ చేత్తో కుట్టిన తన పట్టు పారాచూట్‌ను 1964లోనే స్మిత్సోనియన్ మ్యూజియంకి ఇచ్చేసింది.

ఇప్పుడు స్కైడైవింగ్ నేర్చుకునేవాళ్లకు మొదటి ఫ్రీఫాల్‌లో, అంటే పారాచూట్ తెరుచుకోకముందు స్వేచ్ఛగా పడేటప్పుడు, ఒక పని చెప్తారు. పారాచూట్ అప్పుడే తెరవక్కర్లేదు, చెయ్యి వెనక్కి పెట్టి పిడి ఎక్కడుందో తడిమి, చెయ్యి మళ్లీ ముందుకు తేవాలి. మళ్లీ తడమాలి, మళ్లీ తేవాలి. కళ్లతో వెతక్కుండా.

ఇక మీ ప్రశ్నలు అడగండి.