సైన్స్ తరగతిలో ఫోన్: బోధనా, ప్రదర్శనా?

(ఒంగోలులోని ఒక స్థానిక ఛానల్ చర్చా కార్యక్రమానికి ఇది అక్షరరూపం. పేర్లు తీసివేసి హోదాలు మాత్రమే ఉంచాను. మాటలు ఒకదానిపై ఒకటి పడినచోట వినిపించినంత మేరకే రాశాను.)

సంధానకర్త: నమస్కారం. దర్శి ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పిల్లలు ఫోన్ కెమెరాతో బోరు నీటిలోని ఫ్లోరైడును కొలుస్తున్న వీడియో వారం రోజులుగా జిల్లా అంతటా తిరుగుతున్నది. మెచ్చుకున్నవారు ఎందరున్నారో, తరగతి గదిలోకి ఫోన్ ఎలా వచ్చిందని నిలదీసినవారూ అందరే ఉన్నారు. ఈ రోజు ముగ్గురికీ సమాన సమయం ఇస్తానని మాట ఇస్తూ, సూటిగా మొదలుపెడుతున్నాను. టీచర్ గారూ, ఈ పద్ధతి వల్ల పదో తరగతిలో మీ పిల్లల మార్కులు పెరిగాయా?

ఉపాధ్యాయిని: మార్కుల దగ్గరకు వస్తానండీ, ముందు ఆ రోజు తరగతిలో జరిగినదేమిటో చెప్పనివ్వండి. ఫ్లోరైడు పరీక్షలో వాడే ఎర్రని ద్రావణంలో జిర్కోనియం ఒక రంగు పదార్థంతో కలిసి ఉంటుంది. నీటిలో ఫ్లోరైడు ఉంటే అది జిర్కోనియాన్ని తనవైపు లాక్కుంటుంది కాబట్టి, ఫ్లోరైడు ఎంత ఎక్కువైతే ఎరుపు అంతగా వెలిసిపోతుంది. ఎంత వెలిసిందో కంటితో చూసి రాయమంటే ఒకే సీసాకు నలుగురు పిల్లలు నాలుగు అంకెలు రాశారు. ఆ తగవు తీర్చడానికే ఫోన్ వచ్చింది. ఒకే వెలుతురులో, తెల్ల కాగితం ముందు, ఒకే దూరం నుంచి ఫొటోలు తీసి, గాఢత ముందే తెలిసిన నమూనాలతో పోల్చి పిల్లలే గ్రాఫు గీశారు. మూడు సీసాలు వెంట తెచ్చాను, ఇక్కడే చూపిస్తాను.

సంధానకర్త: తప్పకుండా, విరామం తరువాత చూద్దాం. మాస్టారూ, మీ అభ్యంతరం ఏమిటి?

విశ్రాంత ప్రధానోపాధ్యాయులు: అభ్యంతరం కాదండీ, ఆవేదన. నేను సైన్సు చెప్పిన రోజుల్లో మాడిపోయిన బల్బు మూతి ఊడదీసి, లోపలి తీగలు తీసేసి, నీళ్లు నింపి కటకం చేశాను. పసుపు నీళ్లలో సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుందని చూపించి క్షారమంటే ఏమిటో చెప్పాను. మందారపువ్వు, నిమ్మకాయ, సుద్దముక్క, ఇవి చాలవా? చేతితో చేసినది మనసుకు పడుతుంది. తెరమీద చూసినది తెరతోనే పోతుంది. 2023 ఆగస్టులో మన రాష్ట్ర విద్యాశాఖ, చదువులో సాంకేతికత మీద వచ్చిన యునెస్కో నివేదికను ప్రస్తావిస్తూ తరగతి గదుల్లో ఫోన్ల మీద ఆంక్షలు పెట్టింది కదా, ఆ నివేదికను చదివినవారెందరు? నేను చదివాను. చదివి...

ఉపాధ్యాయిని: మాస్టారూ, ఆ నివేదికను నేనూ...

విశ్రాంత ప్రధానోపాధ్యాయులు: చెప్పనివ్వమ్మా. చదివి చెబుతున్నాను. ఉపాధ్యాయుడి చేతిలో ఫోన్ ఉంటే పిల్లవాడి కళ్లు పాఠం మీద కాక ఫోన్ మీద ఉంటాయి.

(ఈ మాటను ఆయన మరో మూడు విధాలుగా చెప్పారు. వాటిని వదిలేస్తున్నాను.)

సంధానకర్త: అంటే మార్కులు పెరగవంటారు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయులు: మార్కుల మాట నేను అనలేదు, కానీ మీరు అడిగారు కాబట్టి అంటున్నాను, పెరగవు.

తల్లిదండ్రుల కమిటీ ప్రతినిధి: నేను ఆ బడిలో చదివే పాప తల్లిని. మా పాప ఇంటికి వచ్చి, మనం ఇరవై ఏళ్లుగా తాగుతున్న బోరు నీళ్ల సంగతి నాకు చెప్పింది. అయితే ఆ వీడియోలో పాప ముఖం కనిపించింది, మమ్మల్ని ఎవరూ అడగలేదు. పాఠం మీద నాకు కోపం లేదు, వీడియో మీద ఉంది.

ఉపాధ్యాయిని: అది నా పొరపాటే. ఒప్పుకుంటున్నాను. వీడియో తీయడం, పంచుకోవడం వేరు. ఫోన్‌ను కొలత సాధనంగా వాడడం వేరు. ఆ నివేదిక కూడా సాంకేతికత చదువుకు మేలు చేసే మేరకే వాడమంటుంది కానీ, పారేయమని అనదు. పసుపు, మందారం నేనూ వాడతాను. కానీ ఫ్లోరైడు నీటికి రంగు, రుచి, వాసన ఉండవు, పసుపు దానిని పట్టలేదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదని, వేరే నీరు దొరకనప్పుడు ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని మన దేశపు తాగునీటి ప్రమాణం చెబుతుంది. ఒకటికి, ఒకటిన్నరకు మధ్య తేడాను ఏ బల్బు కటకం చూపిస్తుంది మాస్టారూ?

విశ్రాంత ప్రధానోపాధ్యాయులు: ఫ్లోరైడు సంగతి మాకే చెబుతున్నావా తల్లీ? 1937లో షార్ట్ అనే వైద్యుడి బృందం, ఫ్లోరైడు ఎక్కువైన నీళ్లవల్ల ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధిని మన దేశంలో మొదట గుర్తించి లోకానికి చెప్పినది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరులోనివే, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో కదా. డాక్టర్లకంటే ముందు రైతులే ఎడ్లు కాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం చూసి ఏదో ఉందని పట్టుకున్నారు. ఏ ఫోన్ ఉంది వాళ్ల దగ్గర? కన్ను ఉంది. కన్ను!

(స్టూడియోలో ఎవరో చప్పట్లు కొట్టారు. నిజానికి ఆయన చెప్పినది టీచర్ వాదానికే బలమివ్వవలసిన విషయం, ఎద్దు కుంటే దాకా ఆగవలసి రావడమే కదా అక్కడి దుఃఖం. కానీ గొంతు పెద్దది కావడంతో అది ఆయన ఖాతాలోకే పోయింది.)

ఉపాధ్యాయిని: ఎద్దు కాలు బిగుసుకున్నాక తెలిసి ఏం లాభమండీ? పాఠానికి ఇంతకంటే...

సంధానకర్త: ఆసక్తికరమైన మలుపు. అసలు రక్షిత మంచినీటి పథకాలు ఎందుకు ఆలస్యమవుతున్నాయి?

(దాదాపు ఆరు నిమిషాలు నీటి పథకాల మీద గడిచాయి. ఇక్కడ ఇవ్వడం లేదు.)

తల్లిదండ్రుల కమిటీ ప్రతినిధి: మళ్లీ బడి దగ్గరకు రండి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబులు ఇచ్చింది. తరువాత బడుల్లో పెద్ద తెరలు పెట్టారు. తెర ముందు కూర్చోబెట్టి వీడియో వేసి వెళ్లిపోయే టీచర్లనూ చూశాం. ఈ టీచరు అలా కాదని చెప్పడానికే వచ్చాను.

ఉపాధ్యాయిని: వీడియో చూపించడం బోధన కాదని నేనూ అంటాను. తెరమీదే ప్రయోగం చేసి చూడగలిగే ఫెట్ అనే ఉచిత అనుకరణలు ఉన్నాయి. నోబెల్ పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఆ పనికి శ్రీకారం చుట్టారు. అందులో తీగను బ్యాటరీ రెండు కొసలకూ నేరుగా కలిపితే మంటలు కనిపిస్తాయి. ఏం జరుగుతుందో ముందు నోటు పుస్తకంలో రాయకుండా ఎవరినీ తెర ముట్టుకోనివ్వను. రాసినది తప్పయినప్పుడే పిల్లవాడు ఎందుకని అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టించలేని యంత్రం నా తరగతిలోకి రాదు. మీటరు పొడవున్న లోలకం ఒకసారి వెళ్లి రావడానికి సుమారు రెండు సెకన్లు పడుతుందని పుస్తకంలో ఉంది. ఫోన్‌ను దారానికి కట్టి ఊపితే దానిలో వేగం మార్పును కొలిచే త్వరణ మాపకం...

విశ్రాంత ప్రధానోపాధ్యాయులు: ఫోన్‌ను దారానికి కట్టి ఊపుతారా? విన్నారా? ఇరవై వేల ఫోన్! నేను తాళంచెవుల గుత్తి ఊపాను. నాడి కొట్టుకోవడం లెక్కపెట్టి కాలం కొలిచాం. శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే నెల్లూరులో మిద్దెక్కి చూస్తాం, దానికి తెరమీద అనుకరణ దేనికి?

ఉపాధ్యాయిని: రాకెట్‌ను మిద్దె మీద నుంచే చూడాలి మాస్టారూ, అందులో మీతోనే ఉన్నాను. పదిహేడు కిలోమీటర్ల దూరంలో నిలబడితే వెలుగు కనిపించాక శబ్దం రావడానికి సుమారు యాభై సెకన్లు పడుతుంది. ఫోన్‌లో రికార్డు చేసి ఆ తేడా కొలిస్తే దూరం వస్తుంది. మీ మిద్దె, నా ఫోన్ రెండూ...

సంధానకర్త: కానీ ప్రేక్షకుల ప్రశ్న ఒక్కటే. భౌతిక, రసాయన శాస్త్రాలకు 50 మార్కులు, జీవశాస్త్రానికి 50. ఆ వందలో ఎంత పెరిగింది?

ఉపాధ్యాయిని: ఈ పని మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదండీ. ఒక్క తరగతి ఫలితం చూపించి నా పద్ధతి వల్లేనంటే అది సైన్సు కాదు.

సంధానకర్త: అంటే ఆధారం లేదంటారు.

ఉపాధ్యాయిని: లేదని అనలేదు. మార్కులు ఒక కొలత...

విశ్రాంత ప్రధానోపాధ్యాయులు: చూశారా, చెప్పలేకపోయింది. నేను వ్యతిరేకిని కాను. అర నిమిషం ఇవ్వండి.

(ఆయన దాదాపు మూడు నిమిషాలు మాట్లాడారు. బల్బు కటకం రెండోసారి, ఎడ్లు రెండోసారి వచ్చాయి. గురువు చేయి అన్న మాట అయిదుసార్లు వినిపించింది.)

తల్లిదండ్రుల కమిటీ ప్రతినిధి: ఇంతకీ ఆ సీసాలు చూపించనిస్తారా? మా బోరు నీళ్లు అందులో ఉన్నాయి.

సంధానకర్త: సమయం మించిపోయిందమ్మా. మాస్టారి అనుభవం ముందు మనమందరం విద్యార్థులమే. టీచర్ గారి ఉత్సాహాన్నీ అభినందిస్తున్నాం. ఫోన్ వల్ల మార్కులు పెరుగుతాయా, పెరగవా? ప్రేక్షకులు తమ అభిప్రాయం పంపవచ్చు.

ఉపాధ్యాయిని: ప్రశ్న అది కాదండీ, ఎడమవైపు సీసా రంగు చూడండి, ఇది...

విశ్రాంత ప్రధానోపాధ్యాయులు: ఒక్క మాట, ఒక్క మాట చెప్పి ముగిస్తాను.

(ఇక్కడ సంగీతం మొదలైంది.)